డ్యూటీలో నిద్ర

ఆదివారం సాయంత్రం, అపార్టుమెంటు కింది హాల్లో, కృష్ణుడు పుట్టీ పుట్టగానే జైలరు గారు చెయ్యెత్తారు.

అంతవరకూ కథ సజావుగానే నడిచింది. చెప్పేది మందుల షాపాయన. వారమంతా గల్లాపెట్టె వెనక నిలబడి "భోజనం ముందు ఒకటి, భోజనం తర్వాత ఒకటి" అని చెప్పే ఆ మనిషి ఆదివారం వచ్చేసరికి వేరే మనిషైపోతాడు. గొంతులో తేనె, కళ్ళలో నీళ్ళు రెండూ వేళకి సిద్ధంగా ఉంటాయి. పక్కనే హార్మోనియం ముందు జైలరు గారి భార్య. ఆవిణ్ణి అందరూ జైలరమ్మ అంటారు. కథలో ఎక్కడ కళ్ళు చెమర్చాలో అక్కడ ఆవిడ ఒక మెట్టు నొక్కుతుంది. హాల్లో ఉన్నవాళ్ళు ముక్కులు చీదుకుంటారు.

"దేవకీదేవి కళ్ళు విప్పి చూసింది," అన్నాడు షాపాయన. "ఒళ్ళో నల్లని మబ్బుతునకలాంటి బిడ్డ. ఏడవలేదమ్మా, నవ్వాడు! ఆ నవ్వుకి వసుదేవుడి సంకెళ్ళు వాటంతటవే ఊడిపడ్డాయి. కాపలావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిద్రలోకి జారిపోయారు. చెరసాల తలుపులు వాటంతటవే..."

"ఒక్క నిమిషం," అన్నారు జైలరు గారు, చివరి వరుసలోంచి లేచి నిలబడి. "డ్యూటీలో ఎవరున్నారు?"

హార్మోనియం కీచుమంది.

"ఏ డ్యూటీ అండీ?" అన్నాడు షాపాయన, ఇంకా రేపల్లెకి సగం దూరంలో ఉండి.

"గేటు డ్యూటీ. ఒక్కడు నిద్రపోయాడంటే అర్థం చేసుకుంటాను, మనిషన్నాక కునుకు పడుతుంది. అందరూ ఒకేసారి ఎలా పోతారు? పొద్దువాళ్ళ బదులు డ్యూటీ ఎక్కే మాపువాళ్ళు రాలేదా? సంకెళ్ళు ఊడాయంటే వేసినవాడు సరిగ్గా బిగించలేదు. తలుపు దానంతటదే తెరుచుకుందంటే ఎవడో తాళం వెయ్యలేదు. దీనిమీద విచారణ జరిగిందా?"

"భగవంతుడి లీల అండీ అది."

"లీల అని రాసిస్తే పైవాళ్ళు ఒప్పుకోరండీ."

హాల్లో ఒకళ్ళిద్దరు నవ్వు ఆపుకోలేక దగ్గారు. జైలరమ్మ భర్త వంక ఒక చూపు చూసింది. జీవితంలో ఎన్నెన్నో రకాల ఖైదీలని చూసిన ఆయన ఆ ఒక్క చూపుకి మాత్రం కూర్చుంటారు. కూర్చున్నారు. కూర్చునే, పక్కాయన చెవిలో, "నా సర్వీసు మొత్తంలో ఒక్కడు కూడా తప్పించుకోలేదు, తెలుసా?" అన్నారు. తెలుసు. ఆ సంగతి ఆ భవనంలో లిఫ్టుకి కూడా తెలుసు.

ఆయన్ని ఉద్యోగం వదిలేసి చాలా కాలమైంది గాని ఆయనే ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంట్లో బీరువాకీ, మంచాల కింది పెట్టెలకీ, వీధి గుమ్మానికీ, వంటింటి అలమరకీ అన్నిటికీ తాళాలు. పంచదార డబ్బాకి తాళం లేకపోవడానికి కారణం దాని మూతకి గొళ్ళెం లేకపోవడమే. తాళంచెవుల గుత్తి ఎప్పుడూ నడుముకే. ఆయన నడుస్తుంటే గలగలమని వినిపిస్తుంది, ఇంట్లోవాళ్ళు ఆ చప్పుడుకి నడుములు నిటారు చేస్తారు. పడుకోబోయే ముందు తలుపులన్నీ ఒకసారి లాగి చూస్తారు, పడుకున్నాక గుర్తొచ్చి మళ్ళీ లేచి లాగి చూస్తారు. జైలరమ్మ ఎప్పుడో రాజీపడింది. "నాది యావజ్జీవం, నాకు అలవాటైపోయింది," అంటుంది అడిగినవాళ్ళతో. "కొత్తగా వచ్చినవాళ్ళ సంగతే ఆలోచించాలి."

కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు. కూతురు, కూతురి కూతురు. అల్లుడికి ఓడమీద ఉద్యోగం, నెలల తరబడి నీళ్ళమీదే ఉంటాడు. కూతురికి ఈ ఊళ్ళో ఆఫీసు పని దొరికింది. అమ్మానాన్నల దగ్గర ఉంటే పిల్లకి తోడు, నాకు నిశ్చింత అనుకుని వచ్చింది. పిల్లకి అయిదేళ్ళు. దాన్ని అందరూ గువ్వ అంటారు. ఎంతసేపూ కువకువమంటూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. తాతగారి తాళంచెవులు వినిపిస్తే మాత్రం నోరు మూసుకుని, గోడకి ఆనుకుని పక్కకి జరిగిపోతుంది.

దీనికి కారణం ఒక టార్చిలైటు. వచ్చిన మొదటి రోజుల్లో జైలరు గారు అలవాటు ప్రకారం గస్తీకి వెళ్ళారు. ప్రేమతోనే వెళ్ళారు. పిల్ల దుప్పటి సరిగ్గా కప్పుకుందో లేదో అని వెళ్ళారు. కానీ గస్తీలో నియమం ఏమిటంటే, పడుకున్నవాడి మొహం కనపడాలి. పిల్ల ముసుగు తన్ని పడుకుంది. ముసుగు కింద తలగడలు పెట్టి ఉడాయించినవాళ్ళ కథలు ఆయన బోలెడు విన్నారు. అందుకని ముసుగు ఎత్తి, టార్చి మొహం మీద వేసి, "ఉన్నావా?" అన్నారు. గువ్వ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.

ఆ మర్నాటి నుంచి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. బెలూన్ తెచ్చారు. ఎగిరిపోకుండా దాని దారాన్ని కిటికీ ఊచకి ముడిమీద ముడి వేసి మరీ ఇచ్చారు. గువ్వ ఆ కట్టేసిన బెలూన్‌ని కాసేపు జాలిగా చూసి వెళ్ళిపోయింది. చాక్లెట్లు తెచ్చి అలమరలో పెట్టారు. ఎవరూ తియ్యకుండా తాళం వేశారు. తర్వాత "అడిగితే ఇస్తాను కదా, ఎందుకు అడగదు?" అని భార్య దగ్గర వాపోయారు. ఆవిడ నుదురు కొట్టుకుంది.

పిల్ల తన ఒళ్ళో కూర్చోవాలి. ఆయన కోరికల్లా అదొక్కటే. వీధిలో ఎవరో ముసలాయన మనవణ్ణి భుజమ్మీద ఎక్కించుకుని పోతుంటే ఆయన బాల్కనీలోంచి, వాళ్ళు ఆ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేవారు.

ఆయన హాల్లో చెయ్యెత్తిన ఆ ఆదివారం ఇంటికొచ్చాక కూతురు ఒక మాట బయటపెట్టింది. "నాన్నా, మా ఆఫీసు దగ్గర ఒక ఇల్లు చూశాను. నెలాఖరుకి ఖాళీ అవుతుందిట."

"ఇక్కడేమైందమ్మా?"

"ఏం కాలేదు. గువ్వ... నిద్రలో ఉలిక్కిపడుతోంది."

"నేను దాన్ని ఒక్క మాట అనలేదే!"

"అనక్కర్లేదు నాన్నా," అంది కూతురు మెల్లగా. "నువ్వు చూస్తే చాలు. చిన్నప్పుడు నాకూ అంతే."

జైలరు గారు ఆ చివరి మాట విననట్టు వెళ్ళి వీధి తలుపు లాగి చూశారు. తాళం వేసే ఉంది.

అయితే భగవంతుడు ఒక తలుపు మూస్తే, జైలరమ్మ ఒక నాటకం తెరిచింది. పై ఆదివారం కథ చెప్పించడం కాదు, పిల్లలచేత వేయిద్దాం అంది. షాపాయన పక్కన నిలబడి చెబుతాడు, పిల్లలు చేసి చూపిస్తారు. కృష్ణుడు పుట్టడం, ఏరు దాటడం, వెన్న దొంగతనం. పై అంతస్తు కవలలు కాపలావాళ్ళు. ఎదురింటి బొద్దబ్బాయి కంసుడు, వాడికి కాటుకతో మీసం. గువ్వ తనే వసుదేవుడినంది. వసుదేవుడు మగవాడమ్మా అంటే, "బుట్ట నేనే మోస్తాను. వేరేవాళ్ళు పడేస్తారు," అని బుట్ట వాటేసుకుని కూర్చుంది. బుట్టలో జైలరమ్మ పాత నీలం జాకెట్టుతో కుట్టిన కృష్ణుడు. గువ్వ వాడితోనే అన్నం తింటోంది, వాడితోనే నిద్రపోతోంది. వాడికి దాహం వేస్తుందని గ్లాసు అంచు నోటికి ఆనిస్తోంది. వాడి మూతి ఎప్పుడూ తడిగానే ఉంటోంది.

జైలరు గారికి ఒక్కసారిగా బుర్రలో దీపం వెలిగింది. నాటకంలో చెరసాల ఉంది. చెరసాల గురించి తనకంటే తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు? "చెరసాల నేను కడతాను," అన్నారు. పిల్ల మెచ్చుకుంటుంది, దగ్గరికొస్తుంది, ఇంకేం కావాలి?

కట్టారు. ఫ్రిజ్జుల అట్టపెట్టెలు తెచ్చి, కోసి, నల్లరంగు పూసి, కర్రలతో ఊచలు పెట్టి, కదలకుండా గోడకి మేకులు కొట్టి కట్టారు. తలుపుకి నిజం గొళ్ళెం, దానికి నిజం తాళం. అంతటితో ఆగితే ఆయన జైలరు గారే కాదు. కవలలిద్దరినీ తీసుకెళ్ళి వారమంతా సాయంత్రాలు కారు పార్కింగులో కవాతు చేయించారు. సెంట్రీ అంటే ఎలా నిలబడాలి, ఎలా చూడాలి, ఎవరైనా వస్తే ఏమనాలి, అన్నీ నేర్పారు. నాటకంలో ఆ కాపలావాళ్ళ పనల్లా నిద్రపోవడమేనన్న సంగతి ఆ ఉత్సాహంలో ఆయనకి స్ఫురించలేదు. చెప్పేవాడు లేక కాదు, చెబితే వినేవాడు లేక.

రిహార్సలు రోజు వచ్చింది. షాపాయన గొంతు సవరించుకుని, "కాపలావాళ్ళు నిద్రలోకి జారిపోయారు," అన్నాడు.

కవలలు కదల్లేదు. కర్రలు పట్టుకుని గుంజల్లా నిలబడ్డారు.

"నిద్రపోండ్రా," అంది జైలరమ్మ.

"డ్యూటీలో నిద్రపోకూడదండీ," అన్నాడు పెద్ద కవల.

"పోతే ఉద్యోగం పోతుంది," అన్నాడు చిన్న కవల. "తాతగారు చెప్పారు."

ఆవిడ భర్త వైపు తిరిగింది. ఆయన మొహంలో గర్వం దాగలేదు. సరే, తరవాత చూద్దాంలే అని షాపాయన ముందుకు పోయాడు. "తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి," అన్నాడు. తెరుచుకోలేదు. తాళంచెవి జైలరు గారి నడుముకే ఉంది. ఆయన గబగబా వెళ్ళి తీశారు. లోపల్నుంచి గువ్వ బుట్ట నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, నాలుక బయటపెట్టి జాగ్రత్తగా అడుగులేస్తూ బయటికొచ్చింది. గడప దాటిందో లేదో రెండు కర్రలు అడ్డంగా పడ్డాయి.

"ఆగు! ఎవరది?"

"నేను వసుదేవుణ్ణి," అంది గువ్వ గొంతు వణుకుతూ.

"బుట్ట దించు! లోపలేముంది?"

దించింది. కవలలు భగవంతుణ్ణి కాలు పట్టుకుని పైకెత్తి, తలకిందులు చేసి, చంకలు తడిమి, పంచె విప్పి తనిఖీ చేశారు. నేర్పింది నేర్పినట్టు చేశారు పాపం, పిల్లల తప్పేం లేదు. గువ్వ పెదవి ముందు వంకర తిరిగింది, తర్వాత హాలు దద్దరిల్లింది. పరుగెత్తుకెళ్ళి తల్లి చీరలో మొహం దాచుకుని, "తాత కృష్ణుణ్ణి పట్టుకోమన్నాడు! తాత కంసుడు!" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

తెర చాటు నుంచి బొద్దబ్బాయి, "కాదు, నేను కంసుణ్ణి," అన్నాడు నొచ్చుకుని.

జైలరమ్మ హార్మోనియం మూసేసింది. "మీరిక రిహార్సళ్ళకి రాకండి," అంది. ఆవిడ కోపంగా అనుంటే ఆయన వాదించేవారు. అలిసిపోయినట్టు అంది. కూతురు పిల్లని ఎత్తుకుని లిఫ్టు వైపు నడిచింది. ఆ నడక చూస్తేనే ఆ ఆఫీసు దగ్గరి ఇల్లు ఖాయమైపోయిందని తెలిసిపోయింది.

మర్నాడు జైలరు గారు బీపీ మాత్రల వంకతో మందుల షాపుకి వెళ్ళారు. షాపులో ఎవరూ లేరు. షాపాయన సీసాల మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"ఏమండీ," అన్నారు జైలరు గారు, మాత్రలు జేబులో వేసుకుని కూడా కదలకుండా. "ఒక సంగతి అడగాలి. మీ దగ్గరికి ఇలా వస్తాననుకోలేదు. ఏం చేస్తాం, వసుదేవుడంతటివాడే అవసరానికి గాడిద కాళ్ళు పట్టుకున్నాడు."

షాపాయన గుడ్డ కింద పెట్టాడు. "అంటే నేను గాడిదనా అండీ?"

"అబ్బే, సామెత! సామెత చెప్పాను. అది సరే. ఆ కాపలావాళ్ళని మీరు మరీ అంత తేలిగ్గా ఎందుకు పడుకోబెట్టేస్తారు? వాళ్ళకి పెళ్ళాం పిల్లలు ఉండరా? తెల్లారితే కంసుడు ఊరుకుంటాడా?"

షాపాయన ఎన్ని ఆదివారాలుగా చెబుతున్నాడో గాని, ఆ కాపలావాళ్ళ మొహాలు ఎన్నడూ తిరిగి చూడలేదు. "నిజమే సార్, నేను వాళ్ళ గురించి ఆలోచించలేదు. కానీ చూడండి, ఆ పుట్టినవాడు అందరికీ తలో పనీ ఇచ్చాడు. ఏటిని దారిమ్మన్నాడు. పాముని గొడుగు పట్టమన్నాడు. వీళ్ళని పడుకోమన్నాడు. అదీ సేవేనేమో."

"నిద్ర సేవేమిటండీ? నిద్ర సస్పెన్షను!"

"కోప్పడకండి. మీరు జైలు గురించి అడిగారు గనక నేనొకటి అడుగుతాను. ఆయన కొంచెం పెద్దయ్యాక వెన్న తింటూ దొరికిపోతే, వాళ్ళమ్మ రోటికి కట్టెయ్యబోయింది కదా. ఎంత తాడు తెచ్చినా చాల్లేదు. ఇంట్లో తాళ్ళన్నీ ముడేసినా చాల్లేదు. మీరైతే ఏం చేసేవారు?"

"ముందే కొలుచుకునేవాణ్ణి."

"కొలిచినా చాలదు సార్. ఆవిడ చెమటలు కక్కుతోంది, కొప్పు ఊడిపోయింది. ఆ పసివాడు అమ్మ మొహం చూసి, పోనీలే పాపం అనుకుని తనంతట తను కట్టించుకున్నాడు. పిల్లలు అంతేనండీ. మనం కడితే కట్టుబడరు. వాళ్ళకి మనమీద జాలి కలగాలి."

జైలరు గారికి ఆ జవాబు నచ్చలేదు. తనమీద ఎవరైనా జాలిపడటమనేది ఆయన సర్వీసులోనే లేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మరి ఈశ్వరుడే ఇంటిదొంగైతే ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది అని గొణుక్కుంటూ మెట్లు దిగారు. దారిలో రెండుసార్లు ఆగారు. ఇంటికొచ్చాక అలమర తాళం తీసి, చాక్లెట్లు బయట బల్లమీద పెట్టి, అటు చూడకుండా కూర్చున్నారు. కాసేపయ్యాక చూస్తే ఒకటి తక్కువుంది. ఎవరు తీశారని ఆయన అడగలేదు. అడగకుండా ఉండటానికి ఆయన పేపరు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

నాటకం రోజు హాలు నిండిపోయింది. జైలరు గారు చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నారు. మొదలవబోతుండగా పై అంతస్తు నుంచి కబురు. కవలలిద్దరికీ జ్వరం. ఒకడికి వస్తే రెండోవాడికి రాకుండా ఉండే రకం కాదు వాళ్ళు.

జైలరమ్మ హాలంతా కలయజూసింది. ఉన్న పిల్లలందరూ గోపికలో, ఆవులో, ఏటి నీళ్ళో అయిపోయారు. నీళ్ళని తగ్గిద్దామంటే నీళ్ళ తల్లులు ఒప్పుకోలేదు. ఆవిడ గత్యంతరం లేక చివరి వరుసకి వచ్చింది.

"లేవండి. కాపలాకి ఎవరూ లేరు."

"నేనా?" జైలరు గారి చెయ్యి తెలియకుండానే బెల్టు సర్దుకుంది.

"మీరు చెయ్యాల్సింది ఒకటే. నిద్రపోవాలి. చాలు. ఇంకేమీ చెయ్యకండి."

"నా సర్వీసులో..."

"మన కాపురంలో నేను మిమ్మల్ని ఇంతవరకూ ఏదైనా అడిగానా?" అంది ఆవిడ. అది పచ్చి అబద్ధం. కానీ తీరిగ్గా తేల్చడానికి టైము లేదు.

ఆయన వెళ్ళి చెరసాల తలుపు ముందు నిలబడ్డారు. తాళం తీసేసి ఉంది. హాల్లో దీపాలు తగ్గించారు. హార్మోనియం సన్నగా మొదలైంది. షాపాయన చెబుతున్నాడు, దేవకి కళ్ళు తెరిచింది, బిడ్డ నవ్వాడు, సంకెళ్ళు ఊడాయి. "కాపలావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిద్రలోకి జారిపోయారు," అన్నాడు. అని, ప్రాణం ఉగ్గబట్టుకున్నాడు.

జైలరు గారు గోడకి ఆనుకుని కళ్ళు మూశారు. మూశారంటే పూర్తిగా కాదు. నిలబడి, ఒక కన్ను సన్నగా తెరిచి నిద్రపోవడం ఆయనకి ఎన్నో ఏళ్ళ విద్య. ఆ సందులోంచి చూస్తే ఊచల వెనక గువ్వ కనిపించింది. నెత్తిన బుట్ట. కాపలా ఎవరో చూసింది. అడుగు ముందుకు వెయ్యలేదు.

"తలుపులు తెరుచుకున్నాయి," అన్నాడు షాపాయన. తలుపు తెరిచే ఉంది. "వసుదేవుడు బయలుదేరాడు." బయలుదేరలేదు. జైలరమ్మ అదే చరణం మళ్ళీ వాయించింది. మళ్ళీ వాయించింది. ముందు వరుసలో కూతురు సగం లేచింది. గువ్వ కళ్ళు ఆ తెరిచిన కంటి సందు మీదే ఉన్నాయి. దాని గడ్డం వణుకుతోంది. బుట్ట వంగుతోంది. అయినా చేతులు వదల్లేదు. తనని పట్టుకెళ్ళినా సరే వీణ్ణి మాత్రం ఇవ్వనన్నట్టు నిలబడింది.

జైలరు గారికి అప్పుడు తెలిసింది. ఆ పిల్ల భయపడుతోంది తనకోసం కాదు, బుట్టలోవాడి కోసం. తను కన్ను తెరిచి ఉన్నంతసేపు అది ఈ గడప దాటదు. ఈ గడపే కాదు, ఇంట్లో ఏ గడపా దాటదు.

ఆయన కింద కూర్చున్నారు. మోకాళ్ళు టకటకమన్నాయి. కూర్చుని, గడపకి అడ్డంగా బారుగా పడుకున్నారు. రెండు కళ్ళూ మూశారు. ఈసారి గట్టిగా, చిన్నపిల్లలు దాగుడుమూతల్లో మూసినట్టు మూశారు.

ఇంకా అడుగుల చప్పుడు లేదు. దొంగనిద్ర అనుకుంటోందేమో. ఇక లాభం లేదని, జైలరు గారు నోరు తెరిచి గుర్రు పెట్టారు. తన సర్వీసులో ఎవరెవరు ఎలా గుర్రు పెట్టేవారో ఆయనకి బాగా గుర్తుంది. అందులో మేలైనది ఎంచుకుని, ఈల చివర కలిపి మరీ పెట్టారు. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. కళ్ళు మాత్రం తెరవలేదు.

అప్పుడు వినిపించింది. అట్ట నేల మీద చిన్న పాదాలు. ఒకటి. ఆగింది. ఇంకొకటి. తన చెవి పక్కకి వచ్చి ఆగిపోయాయి.

గువ్వకి చిక్కొచ్చింది. కాపలావాడు మరీ పెద్దవాడు, దారికి అడ్డంగా పడ్డాడు. బుట్టతో దాటడం కుదరదు. ఆయన మొహం మీద వెచ్చని ఊపిరి తగిలింది. "తాతా," అంది రహస్యంగా. ఇన్నాళ్ళలో అది తనతో అన్న మొదటి మాట. "లేవకు. కృష్ణుడు వెళ్తున్నాడు. నువ్వు చూడకు."

చూడనమ్మా, అనబోయి ఆయన గుర్రు పెట్టారు.

బుట్ట ముందుగా ఆయన పొట్ట మీదికి వచ్చి కూర్చుంది. ఆ గుడ్డబొమ్మ బరువెంత, పిడికెడు దూది. కానీ జైలరు గారు ఊపిరి బిగబట్టారు. బిగబట్టకపోతే లోపలివాడు కదిలిపోతాడని భయం వేసింది. తర్వాత ఒక చిన్న చెయ్యి ఆయన భుజం పట్టుకుంది. ఒక మోకాలు పక్కటెముకలకి గుచ్చుకుంది. ఒక పాదం సరిగ్గా బొడ్డు మీద పడింది. ఇన్ని నెలలుగా తన ఒళ్ళో కూర్చోవాలని ఆయన తపించిన పిల్ల, ఇప్పుడు ఆయన మీదుగా, ఆయన్ని తొక్కుకుంటూ, దేవుణ్ణి మోసుకుని వెళ్ళిపోతోంది.

ఆయన మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆ కాపలావాళ్ళు కూడా నిద్రపోయి ఉండరు అనిపించింది. ఆ పసివాడి అడుగు విన్నారు. కళ్ళు తెరిస్తే వాడికి ముప్పు అని తెలిసి, చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా చూడకుండా పడుకున్నారు. ఏరు చూసింది, పాము చూసింది, గాడిద కూడా చూసింది. అంత దగ్గర ఉండి చూడనివాళ్ళు వాళ్ళొక్కరే. ఇన్నాళ్ళూ వాళ్ళ మీద విచారణ జరగాలన్నందుకు ఆయన మనసులోనే వాళ్ళకి దణ్ణం పెట్టారు.

అవతల ఏరు విడిపోయింది, నీళ్ళ వేషం వేసిన పిల్లల్లో ఒకటి ఏడిచింది, గువ్వ నీలం బొమ్మని రేపల్లెలో పడుకోబెట్టి అక్కడ పుట్టిన ఆడపాప, ఎర్ర బొమ్మని, బుట్టలో వేసుకుని తిరిగొచ్చింది. వచ్చి చెరసాల లోపలికి పోవాలి. గడప దగ్గర ఆగింది. చీకటి చెరసాల వంక చూసింది, పడుకున్న కాపలావాడి వంక చూసింది. అలిసిపోయింది పాపం, ఏరు దాటడం మాటలా? బుట్ట పక్కన పెట్టి, ఆయన చెయ్యి ఒకటి లాగి చాపి, దాని మీద తల పెట్టుకుని పడుకుంది.

"నేను కూడా నిద్రే," అంది.

షాపాయన ఇదేమీ గమనించకుండా ఊపులో ఉన్నాడు. "పసిపాప కేరుమంది! కాపలావాళ్ళు ఉలిక్కిపడి లేచారు! కంసుడి దగ్గరికి పరుగెత్తారు!"

ఎవరూ లేవలేదు.

"పరుగెత్తారు!" అన్నాడు ఇంకొంచెం గట్టిగా.

తెర పక్క నుంచి బొద్దబ్బాయి తల బయటపెట్టాడు. చెమటకి సగం మీసం బుగ్గ మీదికి దిగిపోయింది. "అమ్మమ్మగారూ, నేనెప్పుడు రావాలి?"

ముందు వరుసలోంచి కూతురు పిల్లని ఎత్తుకుందామని వచ్చింది. వాళ్ళిద్దర్నీ పైనుంచి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెనక్కి వెళ్ళి కూర్చుంది.

జైలరమ్మ వంగి భర్త చెవి దగ్గర, "ఏమండీ, లేవండి! బిడ్డ పుట్టిందని వెళ్ళి కంసుడికి చెప్పాలి," అంది.

"నేను చెప్పను," అన్నారు జైలరు గారు కళ్ళు తెరవకుండానే.

"మీరు చెప్పకపోతే కథెలా నడుస్తుందండీ?"

"నడవకపోతే మానె. గట్టిగా మాట్లాడకు, పిల్ల పడుకుంది."